తబూక్ బిర్కా గట్టు మీద మనిషి

ఎవరింట్లోనైనా దెయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలిపిస్తే, జేబులో థర్మామీటరు పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళే మనిషి మా నాన్న. నరసాపురంలో హైస్కూలు సైన్సు మాస్టారు. పట్టింది దెయ్యం కాదు, టైఫాయిడని చాలాసార్లు తేల్చారు కూడా. అలాంటి ఇంట్లో పెరిగాను నేను. చదివింది మెకానికల్ ఇంజనీరింగు. చేసింది పంపులూ పైపుల పని. గేజి మీద ముల్లు చూపిస్తేనే నీళ్ళ ఒత్తిడి ఉందని నమ్మే రకం.

కనుక ఇది దెయ్యం కథ అని నేను అనను. ఏమంటారో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సౌదీ అంటే మనవాళ్ళకు ఎండే గుర్తుకొస్తుంది. తబూక్ చలి తెలిసినవాళ్ళు తక్కువ. వాయవ్యంగా, జోర్డాన్ వైపు ఉంటుంది ఆ ఊరు. ఊరి బయట ఎడారిలో పెద్ద పెద్ద గోధుమ పొలాలు. చక్రాల మీద నడిచే పొడవాటి పైపులు ఒక ఇరుసు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లుతాయి. వాటిని పివట్లు అంటారు. జనవరి ఉదయాల్లో ఆ పైపుల నుంచి మంచుకడ్డీలు వేలాడేవి. వాటిని నడిపించే ఇంజనీర్లలో నేనొకణ్ణి.

బోర్ల నీళ్ళు నిల్వచేయడానికి పొలం మధ్యలో ఒక పెద్ద జలాశయం తవ్వారు. అరబ్బీలో బిర్కా అంటారు, మేమూ అలాగే అనేవాళ్ళం. నీళ్ళు ఇంకిపోకుండా అడుగునా ఏటవాలు గట్లకూ మందపాటి నల్ల ప్లాస్టిక్ పరిచారు. ఒక గట్టున పంపు షెడ్డు. దాని ఎదుటి గట్టు మూలన నీళ్ళు వచ్చి పడే ఇనప పైపు. ఆ పైపు ధారకు ప్లాస్టిక్ చిరగకుండా అక్కడ మాత్రం బండరాళ్ళు పేర్చారు.

ఆ బిర్కాలో చేపలుండేవి. పొలం యజమానికి సరదా ఎక్కువ. ఎక్కడినుంచి, ఎలా తెప్పించాడో గాని, బాస్ అనే అమెరికా చేపను అందులో పెంచాడు. మన పండుగప్పకు దూరపు చుట్టంలా ఉంటుంది, అంత పెద్ద నోరు. "ఇక్కడ బాసు నీళ్ళలోనే ఉన్నాడు, మనకు జీతమిచ్చేవాడు కాదు" అని పనివాళ్ళు హిందీలో అనుకుని నవ్వేవారు.

దాన్ని గాలంతో పట్టడం నాకు నేర్పింది గ్లెన్. పివట్లు బిగించడానికి వచ్చిన అమెరికన్, యాభై దాటిన మనిషి. మాటలు తక్కువ. నేను గోదావరి పాయల్లో పండుగప్పకు గాలం వేసినవాణ్ణి కాబట్టి నాకు అంతా తెలుసనుకున్నాను. పండుగప్ప దొంగలా వచ్చి ఎర లాక్కుపోతుంది. కర్ర చేతిలోంచి ఊడిపోయేంత దెబ్బ. ఇదీ అంతేనని చలికాలంలో మొదటిసారి బిర్కా దగ్గరికి వెళ్ళి, గాలం విసిరి, గబగబా చుట్టి, మళ్ళీ విసిరాను. మధ్యాహ్నమంతా ఒక్క చేప కూడా తగల్లేదు.

గ్లెన్ పక్కన నిలబడి చూశాడు. తర్వాత ఎడమ అరచెయ్యి కిందికి తిప్పి, నిద్రపోతున్న బిడ్డను జోకొట్టినట్టు గాల్లో మెల్లగా కిందికి, కిందికి ఆడించాడు. నెమ్మది అని. తర్వాత ఎన్నిసార్లు చూశానో ఆ సైగ.

చల్లటి నీళ్ళలో చేప వెంటపడదని చెప్పాడు. దాని ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది. లోతుగా, అడుగు వాలే చోట కదలకుండా పడుకుంటుంది. నోటి ముందుకు వచ్చినదాన్నే, అదీ చాలాసేపు ఆలోచించి, పుచ్చుకుంటుంది. అందుకని ఎర చిన్నది కావాలి. తలకు సీసం గుండు పోసిన ముల్లుకు మేక వెంట్రుకలు తనే కట్టేవాడు. వాళ్ళ ఊళ్ళో దానికి పందితోలు ముక్క తగిలిస్తారట. సౌదీలో అది కుదరదు కనుక గొర్రెతోలును సన్నగా కోసి నానబెట్టి వాడేవాడు. దారం కూడా సన్నది. లావు దారం చలికి స్ప్రింగులా చుట్టలు తిరిగి, చేప తగిలిన కబురు చేతిదాకా రానివ్వదు.

"కర్రను చూడకు, దారాన్ని చూడు" అనేవాడు. చలికాలపు చేప లాగదు. దారం కొంచెం బరువెక్కుతుంది, తడిగుడ్డ తగులుకున్నట్టు. లేదా ఉన్నట్టుండి వదులవుతుంది. అంతే. పొద్దున్నే వెళ్ళి లాభం లేదు, మధ్యాహ్నం వెళ్ళాలి. ఎండ పడి రాళ్ళు కాస్త వేడెక్కాక, ఆ వేడికి చేపలు పైపు మూలకు చేరతాయి. ఎరను అక్కడ అడుగుకు దించి ఊరుకోవాలి. చెయ్యి దురద పెట్టినా కదపకూడదు.

నేను నేర్చుకున్నాను. చలికాలంలో ఒక చేప పడితే వేసవిలో పది పట్టినంత గర్వంగా ఉండేది. గ్లెన్ మాత్రం పట్టిన ప్రతి చేపనూ రెండు చేతుల్లో నీళ్ళలో పట్టుకుని, అది తేరుకున్నాక వదిలేసేవాడు.

తర్వాత కువైట్ గొడవ మొదలైంది. యుద్ధం తప్పదని తేలాక గ్లెన్‌ను వాళ్ళ కంపెనీ వెనక్కి పిలిపించింది. పెట్టె సర్దుకుని, గాలం సామాను నాకు అప్పగించి వెళ్ళాడు.

జనవరిలో యుద్ధం వచ్చింది. తబూక్‌లో వైమానిక స్థావరం ఉంది. విమానాలు మా గోధుమ మీదుగా రాత్రీ పగలూ పోతూనే ఉండేవి. కిటికీలకు టేపులు అంటించుకున్నాం. విషవాయువుకు మాస్కులు పెట్టుకోవడం నేర్పారు. కొందరు పాస్‌పోర్టులో ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇళ్ళకు పోయారు. గోధుమకు మాత్రం నీళ్ళు ఆపడానికి లేదు.

అలా వెళ్ళిపోయిన ఒక డ్రైవరు స్థానంలోకి వచ్చాడు ఖాదర్. ప్రొద్దుటూరువాడు. అంతవరకూ రియాద్‌లో, మా కంపెనీ ఆఫీసు బండి నడిపేవాడు. రియాద్ మీద క్షిపణులు పడుతున్న రోజులు. తబూక్‌కు పంపిస్తే బతికిపోయానని సంబరపడ్డాడు. గ్లెన్ అప్పటికే వెళ్ళిపోయాడు. ఖాదర్ అతన్ని చూడలేదు, అతని ఫోటో కూడా మా దగ్గర లేదు. ఈ సంగతి ముఖ్యం కనుక చెబుతున్నాను.

తెలుగు మాట్లాడేవాళ్ళు ఆ పొలంలో మేమిద్దరమే. సాయంత్రం వంటలో కారం దగ్గర పేచీ పడేవాళ్ళం. మధ్యాహ్నం ఖాళీ దొరికితే నాతో బిర్కాకు వచ్చేవాడు. నేను చేపను వదిలేస్తే తలపట్టుకునేవాడు.

"ఇడిసిపెట్టేదానికి పట్టేదెందుకు సార్? దానికీ కష్టం, మనకూ కష్టం."

అయినా వాడికే ఎక్కువ పట్టుకుంది ఆ పిచ్చి. గంటసేపు కదలకుండా దారాన్ని చూస్తూ కూర్చునేవాడు. యుద్ధం వార్తలు మర్చిపోయేది అక్కడొక్కచోటే అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నన్ను ఆఫీసుకు రమ్మన్నారు. ఖాదర్ ఒక్కడే గాలం తీసుకుని వెళ్ళాడు. నా పని తొందరగా అయిపోయి నేనూ బండేసుకుని బిర్కాకు వెళ్ళాను. పంపు షెడ్డు దగ్గర గాలం కర్ర పడి ఉంది. పక్కన ఖాదర్ చెప్పులు. మనిషి లేడు.

పిలిచాను. పైన విమానాలు. మళ్ళీ పిలిచాను. అప్పుడు ఎదుటి గట్టు మూలన, పైపు దగ్గర రాళ్ళ మీద, తడిసిన మూటలాంటిది కనబడింది.

ఎలా పరుగెత్తానో తెలియదు. ఖాదర్ నడుం దాకా నీళ్ళలో, ఛాతీ రాళ్ళ మీద, రెండు చేతులతో పైపును కావలించుకుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. బండిలో పడుకోబెట్టి, నా కోటు కప్పి, హీటరు పెట్టి క్లినిక్కుకు తీసుకుపోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ నల్ల ప్లాస్టిక్ నీటి మట్టం కింద పాచి పట్టి ఉంటుంది. అందులో పడితే ఈతగాడు కూడా పైకి రాలేడు. గొర్రెలు పడి చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఖాదర్‌కు ఈత రాదు. పడింది షెడ్డు దగ్గర. బిర్కా మొత్తంలో మనిషి పట్టు దొరికి పైకి రాగలిగిన చోటు ఆ పైపు మూల ఒక్కటే. అది అవతలి గట్టున ఉంది. ఆ నీళ్ళలో చేతులు ముంచితే నిమిషంలో తిమ్మిరెక్కుతాయి.

మర్నాడు మాట్లాడగలిగే స్థితికి వచ్చాక ఖాదర్ అడిగిన మొదటి మాట ఇది.

"ఆయప్ప ఎవురు సార్?"

"ఎవరు?"

"నన్ను గట్టుకు చేర్చినాయన. తెల్లాయన."

యుద్ధం మొదలయ్యాక మా పొలంలో తెల్లవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటే చెప్పాను. ఖాదర్ నా మొహం చూసి, మెల్లగా మొదలుపెట్టాడు.

"కాలు జారినా సార్. పట్టుకుందామంటే ఏమీ లేదు, నూనె పూసినట్టుండాది ఆ ప్లాస్టిక్కు. అరిసినా. పైన ఇమానాలు, నా అరుపు నాకే ఇనపల్యా. రెండుసార్లు మునిగినా. తలెత్తి సూస్తే గట్టు మీద నిలబడుకోని ఉండాడు. చెయ్యి ఇట్ల, కిందికి కిందికి అంటాండాడు."

పడుకున్నచోటే ఎడమ అరచెయ్యి తిప్పి గాల్లో ఆడించాడు. జోకొట్టినట్టు.

"గమ్మునుండు, కాళ్ళుచేతులు ఆడియ్యొద్దు, ఎల్లకిలా పండుకో అన్యాడు. పండుకున్యా. జాకెట్లో గాలుండాదేమో, తేలినా. ఆయప్ప గట్టెమ్మడి నిదానంగా నడస్తా పోయినాడు. నేను ఆయప్పనే సూస్తా, ప్లాస్టిక్కు మీద చెయ్యి ఆనిచ్చుకుంటా పోయినా. బెదిరి తన్నుకుంటే మళ్ళీ చెయ్యి చూపిస్తాడు. ఈపుకు రాళ్ళు తగిలినాక పైపు దొరికె. అప్పుడు సూస్తే ల్యా."

"ఇంగ్లీషులో చెప్పాడా?"

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది సార్!"

"మరి ఉర్దూనా? తెలుగా?"

ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. "తెలీదు సార్. చెప్పినాడు. నాకు అర్థమాయె."

డాక్టరుకు చెప్పాను. ఒళ్ళు అంత చల్లబడితే మెదడు ఏవేవో చూపిస్తుందన్నాడు. నాకూ అదే సబబనిపించింది. ఆ సైగ ఖాదర్ నా దగ్గరే చూసి ఉంటాడు, గ్లెన్ చెయ్యి నాకు అలవాటై నేనూ అలాగే ఆడించి ఉంటాను. గ్లెన్ గురించి మాటల్లో విన్నదీ, సైగా కలిసి ఆ బొమ్మ కట్టి ఉంటాయి. అయినా మనసాగక ఆ సాయంత్రం బిర్కా చుట్టూ తిరిగి వచ్చాను. గట్టు మీద మెత్తటి దుమ్ము. పిల్లి నడిచినా అచ్చు పడుతుంది. షెడ్డు దగ్గర ఖాదర్ పాదాల అచ్చులున్నాయి, రాళ్ళ వైపు నా బూట్లవి ఉన్నాయి. ఇంకెవరివీ లేవు. డాక్టరు మాట రుజువైందనుకున్నాను.

యుద్ధం ముగిసింది. గోధుమ కోతల వేళకు గ్లెన్ తిరిగి వచ్చాడు. బిర్కాలో పడి బతికిన మనిషిని చూపిస్తానని అతన్ని మధ్యాహ్నం మెస్సుకు తీసుకెళ్ళాను. నిన్ను కాపాడినాయన వచ్చాడని ఖాదర్‌కు ముందే సరదాగా చెప్పి ఉంచాను. ఖాదర్ తలకు టోపీ పెట్టుకుని, టీ గ్లాసులు పట్టుకుని, సలాం చేయడానికి వచ్చాడు. గ్లెన్ మొహం చూసి ఆగిపోయాడు.

"ఈయన కాదు సార్."

"సరిగ్గా చూడు."

"చూసినా. పోలికుండాది. కానీ ఆయప్ప వయసులో చిన్నోడు. ఈ సార్‌కు కొడుకు ఉండాడా?"

గ్లెన్‌కు అంతా వివరించి, చివరి ప్రశ్న ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వాడు. "నాకు ఇద్దరూ ఆడపిల్లలే" అన్నాడు. మనిషి ఎలా ఉన్నాడో చెప్పమన్నాడు. ఖాదర్ చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను. ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్ని కోటు. చెవుల మీదికి దిగే టోపీ. మేం ఎవరం తొడిగే బట్టలు కావవి.

"ఇంగొకటి సార్, మీరు నవ్వుతారని చెప్పల్యా. ఒక కాలికే బూటు. పిచ్చోడేమో అనుకున్యా."

నేను నిజంగానే నవ్వుతూ చెప్పాను ఆ మాట. గ్లెన్ నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏ కాలికి?"

అడిగాను. ఖాదర్ వంగి తన కుడికాలు తట్టాడు. ఎడమ కాలికి ఉన్ని మేజోడు మాత్రమే ఉందన్నాడు.

గ్లెన్ లేచి ఎండలోకి వెళ్ళిపోయాడు. ఖాదర్ బెదిరిపోయాడు. "తప్పు మాట్లాడినానా సార్?"

మర్నాడు ఒక పివట్ చక్రం బాగుచేస్తున్నాం, ఇద్దరమే. గ్లెన్ పానా కింద పెట్టి, నా వైపు చూడకుండా చెప్పాడు.

వాళ్ళ ఊరి సరస్సులో మంచు కరిగీ కరగని రోజులు. వాళ్ళ నాన్నా, అప్పటికి చిన్న పిల్లవాడైన అతనూ చిన్న పడవలో బాస్ వేటకు వెళ్ళారు. గాలం అడుగున మునిగిన చెట్టుకు తగులుకుంది. విడిపించడానికి వంగి, నాన్న నీళ్ళలో పడ్డాడు. పడవ అంచు పట్టుకున్నాడు. పిల్లవాడు లేచి ఏడుస్తూ అటు పరుగెత్తేసరికి పడవ ఒరిగింది. నాన్న ఎక్కబోతూ ఒక కాలు పైకి వేస్తే, పిల్లవాడు ఆ కాలు పట్టుకుని లాగాడు. ఎడమ కాలి బూటు ఊడి చేతిలోకి వచ్చింది. పడవ ఇంకా ఒరిగింది.

"అప్పుడాయన అంచు మీదినుంచి చెయ్యి తీసేశాడు. జారిపోలేదు, తీసేశాడు. కొంచెం దూరం జరిగి, నీళ్ళలోంచి ఇలా అన్నాడు." గ్లెన్ ఎడమ చెయ్యి గాల్లో మెల్లగా కిందికి దిగింది. "కదలకుండా కూర్చో అని. నేను కూర్చున్నాను. ఆ చెయ్యి కనబడినంతసేపూ కూర్చున్నాను. తర్వాత కూడా."

ఆ బూటును మనుషులు రాకముందే సరస్సులో పారేశాడట. కాలు పట్టుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు. తల్లికీ, పెళ్ళయ్యాక భార్యకూ కూడా. అప్పటికి వాళ్ళ నాన్నకు ముప్పై నాలుగేళ్ళు. ఆయన ఎప్పుడూ సముద్రం దాటలేదు.

పానా తీసి అతని చేతికిచ్చాను. మళ్ళీ చక్రం పనిలో పడ్డాం.

ఖాదర్‌కు చెప్పవచ్చా అని అడిగితే, చెప్పాల్సింది అతనికే అన్నాడు. ఆ సాయంత్రం చెప్పాను. ఖాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. లేచి సరాసరి గ్లెన్ గది ముందుకు పోయి నిలబడ్డాడు.

"ఆయప్ప పేరు అడగండి సార్. దువా చేసేదానికి పేరు గావల్ల."

అడిగాను. గ్లెన్ తలుపు దాకా వచ్చాడు. "వాల్టర్" అన్నాడు.

"వాల్టరు" అన్నాడు ఖాదర్. సరిగ్గా పలికానా అన్నట్టు మళ్ళీ అన్నాడు. గ్లెన్ తల ఊపాడు. ఆ పేరు మరో మనిషి నోట విని ఎన్నాళ్ళయిందో, తలుపు చట్రం పట్టుకుని నిలబడిపోయాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలో ఉన్నా నా అవసరం పడలేదు.

ఆ వారమే గ్లెన్ పాత ట్రాక్టరు టైర్లు పోగుచేయించి, గొలుసులు వేసి, బిర్కా నాలుగు గట్లకూ వేలాడదీయించాడు. తర్వాత అక్కడ ఎవరు పడినా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం ఆ పొలం వదిలేశాం. నేను చాలా ఆలోచించాను. చలికి మెదడు చెదురుతుంది, ఒప్పుకుంటాను. సైగ నానుంచి వెళ్ళి ఉండవచ్చు, అదీ ఒప్పుకుంటాను. గళ్ళ కోటు ఏ పత్రికలోనో చూసి ఉండవచ్చు. బూటు దగ్గరికి వచ్చేసరికి నా లెక్క ఆగిపోతుంది. ప్రపంచంలో ఒకే ఒక్క మనిషికి తెలిసిన సంగతి, ఆ మనిషి మొహం కూడా చూడని ప్రొద్దుటూరు డ్రైవరుకు ఎలా తెలిసింది? వచ్చినవాడు కొడుకు దగ్గరికి రాకుండా, పేరు కూడా తెలియని పరాయివాడి దగ్గరికి ఎందుకు వచ్చాడు? మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి ఆయనకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. చెబితే నవ్వేవారో, థర్మామీటరు తీసేవారో.

ఆ మధ్య ఖాదర్ ఫోన్ చేశాడు. ప్రొద్దుటూరులో సొంత జీపు నడుపుతున్నాడు, మనవలు పుట్టారు. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత తన వాళ్ళ పేర్లతోబాటు వాల్టరు పేరూ చెప్పుకుంటున్నానన్నాడు. నేను ఉండబట్టలేక మళ్ళీ అడిగాను.

"ఖాదర్, ఇప్పుడైనా చెప్పు. ఆయన నీతో ఏ భాషలో మాట్లాడాడు?"

అటువైపు నవ్వాడు. "సార్, మీరు ఇంగా ఆడనే ఉండారా? నేను బతికినా. పిల్లోళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్యారు. మీరింగా భాష కాడ్నే ఉండారు."

నిజమే. నేనింకా అక్కడే ఉన్నాను.